కిల్ట్ అద్దెకు తీసుకోవాలా, కొనుక్కోవాలా? కొన్నవాళ్ళు దాన్ని ఎందుకు వదలరు?

గ్లాస్గోలో కొన్నేళ్ళుగా ఉంటున్న ఒక తెలుగాయన అడిగిన ప్రశ్న ఇది. ఆఫీసులో స్నేహితుడి పెళ్ళికి అందరూ కిల్ట్ (స్కాట్లాండ్‌లో మగవాళ్ళు నడుముకు చుట్టుకునే, కుచ్చిళ్ళున్న గళ్ళ వస్త్రం) వేసుకుంటున్నారట, ఈయన్నీ వేసుకోమన్నారట. అద్దెకు తీసుకోవాలా, కొనుక్కోవాలా? ఇక్కడివాళ్ళు ఒకే కిల్ట్‌ను ఇరవై, ముప్పై ఏళ్ళు దాచుకుని ఇష్టంగా వేసుకుంటారు, అందులో అంత ఏముంది? క్లాన్ (స్కాట్లాండ్ వంశం) పేరు లేని మనలాంటివాళ్ళు వేసుకుంటే తప్పా? విశాఖ తీసుకెళ్తే పాడవుతుందా?

ముందు సూటిగా చెప్తాను. ఈ ఒక్క పెళ్ళికే అయితే అద్దెకు తీసుకోండి. ఇంకో నాలుగైదు సందర్భాల్లో వేసుకుంటానని అనిపిస్తే కొనండి, కొంటే మాత్రం మీ కొలతకు చేత్తో కుట్టిన అసలు ఉన్ని కిల్ట్ ఒక్కటే కొనండి. వేసుకోవడానికి క్లాన్ అక్కర్లేదు. విశాఖలోనూ ఉంటుంది, కాకపోతే బీరువాలో పెట్టి మరిచిపోతే ఉండదు.

నేను కిల్ట్‌లు కుట్టే, బాగుచేసే పనిలో ఉన్నాను. బాగుచేయడానికి వచ్చే వాటిని విప్పి చూస్తే మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే కనిపిస్తుంది. అందుకే దాని తయారీ నుంచి మొదలుపెడతాను.

పెద్దవాళ్ళ కిల్ట్‌కు పట్టే గుడ్డ 8 గజాలు. నేతలో అది డబుల్ పన్నా, అంటే 54 నుంచి 60 అంగుళాల వెడల్పు ఉంటుంది. 4 గజాలు తీసుకుని నిలువునా రెండుగా చీల్చి, ఒకదాని చివర ఇంకోటి కలిపితే 8 గజాలు. ఆ అతుకు ఒక కుచ్చె లోపలికి పోతుంది, బయటికి కనబడదు. గుడ్డను ఔన్సుల్లో చెప్తారు. 16 ఔన్సుల గుడ్డంటే డబుల్ పన్నాలో గజం 16 ఔన్సులు తూగుతుందని. 4 గజాలకు 64 ఔన్సులు, అంటే దాదాపు 1.8 కిలోలు. 13 ఔన్సులదైతే కిలోన్నర. ఇంత బరువు నడుముకు చుట్టుకుని తిరగడమేమిటని మొదటిసారి వేసుకునేవాళ్ళు అనుకుంటారు. కానీ వేసుకున్నాక ఆ బరువే నచ్చుతుంది. నడుస్తుంటే వెనక కుచ్చిళ్ళు కాలి కంటే ఒక క్షణం ఆలస్యంగా ఊగి, మళ్ళీ వాటి చోటికి అవే వచ్చి పడతాయి. గాలికి ఎగరవు. కూర్చుని లేస్తే ముడతలు కాసేపట్లో సర్దుకుంటాయి. 10, 11 ఔన్సుల పలచటి గుడ్డలో ఇవేవీ ఉండవు, గాలి వీస్తే లేస్తుంది, కారులో గంట కూర్చుంటే వెనక నలిగిపోతుంది. అద్దె కిల్ట్ వేసుకుని "ఇందులో ఏముంది" అనుకున్నవాళ్ళలో చాలామంది వేసుకున్నది ఇలాంటి పలచటిదీ, తమ కొలత కానిదీ.

కుచ్చిళ్ళు వెనక భాగంలోనే ఉంటాయి, ముందు రెండు చదును పొరలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. వీటిని ఏప్రన్లు అంటారు. తుంటి చుట్టుకొలత 40 అంగుళాలు ఉన్న మనిషికి దాదాపు సగం ముందు పొరకు, సగం కుచ్చిళ్ళకు పోతుంది. ఒక్కో కుచ్చె తుంటి దగ్గర ముప్పావు అంగుళం కనిపిస్తే, అలాంటివి ఇరవై ఆరో, ఇరవై ఏడో పడతాయి. నడుము దగ్గరికి వచ్చేసరికి ఒక్కోటీ అర అంగుళం పైచిలుకుకు సన్నబడాలి. ఆ సన్నబడటం ప్రతి కుచ్చెలోనూ కొద్దికొద్దిగా, చేతి కుట్టుతో రావాలి. పైగా గళ్ళు తప్పకూడదు. రెండు పద్ధతులున్నాయి: వెనక కూడా ముందున్న గళ్ళ నమూనాయే కనిపించేలా మడవడం ఒకటి, ప్రతి కుచ్చె మధ్యలో ఒకే గీత వచ్చేలా మడవడం ఇంకొకటి. రెండోది సైనిక పద్ధతి. అందులో ముందు ఒక రంగు, వెనక ఇంకో రంగు ఎక్కువగా కనిపిస్తుంది, నడుస్తుంటే లోపలి రంగులు మెరుస్తాయి. ఒకే గుడ్డతో రెండు వేర్వేరు వస్త్రాలు కుట్టొచ్చన్నమాట. అందుకే గుడ్డ ఎంచుకున్నాక "వెనక ఎలా మడవమంటారు" అని అడగని దుకాణంలో నేనైతే కుట్టించుకోను.

ఇక ఏళ్ళ తరబడి మన్నడానికి అసలు కారణాలు మూడు.

కింది అంచుకు మడత కుట్టు ఉండదు. మగ్గం మీద నేసిన అంచే కిల్ట్ కింది అంచు. మడత లేదు కాబట్టి అక్కడ బిరుసు ఉండదు, దారం తెగి ఊడేదీ ఉండదు. దీనివల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది: పొడవు కింద తగ్గించడం కుదరదు. నడుము పట్టీ విప్పి పైనుంచి తగ్గించాలి, అది దాదాపు సగం కిల్ట్ మళ్ళీ కుట్టినంత పని. పాతది కొనేటప్పుడు ముందు కింది అంచు చూడండి. అక్కడ మడిచి కుట్టి ఉంటే అది చౌక రకమో, ఎవరో కత్తిరించి పాడుచేసిందో అయి ఉంటుంది.

బరువు మోసేది గుడ్డ కాదు, లోపలి కాన్వాస్. కుచ్చిళ్ళన్నీ నడుము దగ్గర పేరుకుంటే లావుగా ఉబ్బుతుందని పైభాగంలో లోపలి మడతలను కోసి తీసేస్తారు. అలా కోసిన చోట బలం పోతుంది కదా, అందుకని అడ్డంగా గట్టి దారపు వరసలు వేసి, ఆపైన కాన్వాస్ వేసి, దాని మీద నూలు లైనింగ్ వేస్తారు. చౌక కిల్ట్‌లో కాన్వాస్ బదులు అతికించిన గట్టి కాగితం లాంటి పొర ఉంటుంది. ఒకసారి డ్రై క్లీనింగ్ అయ్యాక అది ఊడి బుడగలు కడుతుంది. కొత్తలో రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండేళ్ళ తరువాత ఒకదాని నడుము వేళ్ళ మధ్య గట్టిగా నిలబడుతుంది, రెండోది గుడ్డపీలికలా మడత పడుతుంది.

ఒళ్ళు మారినా సర్దుకుంటుంది. కుడివైపు రెండు బకిళ్ళు, ఎడమవైపు ఒకటి. తోలు పట్టీకున్న రంధ్రాలతోనే కొంత సర్దుబాటు అవుతుంది. అది చాలకపోతే బకిళ్ళు జరిపి కుట్టిస్తే ఇంకో అంగుళం, రెండంగుళాలు వస్తాయి. అంతకు మించి లావైతే మొత్తం విప్పి కుచ్చిళ్ళు తిరిగి వేయాలి. ఖర్చవుతుంది గానీ గుడ్డ పెద్దగా వృథా కాదు, పైన కోసిన మడతలు పోయినా పొడవులో 8 గజాలూ అందులోనే ఉన్నాయి. పాతికేళ్ళ వయసులో కుట్టించుకున్నది యాభై దాటాక అలా విప్పించి వేసుకునేవాళ్ళు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. తండ్రిది కొడుకు కొలతకు మార్పించుకునేవాళ్ళూ ఉన్నారు. ప్యాంటుకు ఇంత అవకాశం లేదు. కిల్ట్ మీద మమకారం పెరిగేది ఇక్కడే అని నా అభిప్రాయం. అదే వస్త్రం మనిషి మారినప్పుడల్లా అతనితోపాటు మారుతుంది.

ఇంకో సంగతి. పెళ్ళికి వేసుకునేదీ అదే, చావుకు వెళ్ళేటప్పుడు వేసుకునేదీ అదే, రగ్బీ మ్యాచ్‌కూ, కొండ ఎక్కడానికీ అదే. మారేది చుట్టూ ఉన్నవి. సాయంత్రం విందుకు ప్రిన్స్ చార్లీ అనే పొట్టి కోటు, వెంట్రుకలున్న స్పోరన్ (కిల్ట్ ముందు వేలాడే చిన్న సంచి). పగలు ట్వీడ్ కోటు, తోలు స్పోరన్. మ్యాచ్‌కు జెర్సీ, మందపాటి మేజోళ్ళు, బూట్లు. ఒకదాన్ని ఇన్ని రకాలుగా వేసుకుంటే అది ప్రత్యేకమైన వేషంలా కాకుండా మీ బట్టలా అనిపిస్తుంది. ఏడాదికోసారి బయటికి తీసేవాళ్ళ కంటే నెలకోసారి వేసుకునేవాళ్ళ కిల్ట్‌లే బాగుంటాయి కూడా. గాలి తగులుతుంది, పురుగు పట్టదు, ఎక్కడైనా కుట్టు వదులైతే వెంటనే తెలుస్తుంది.

క్లాన్ సంగతి. ఏ టార్టన్ (కిల్ట్ గుడ్డ మీది గళ్ళ నమూనా) ఎవరు వేసుకోవాలో చెప్పే చట్టం లేదు. బాల్మోరల్ టార్టన్ ఒక్కటి రాజకుటుంబానికి చెందిందని అందరూ పాటించే మర్యాద. మిగతా వాటిలో బ్లాక్ వాచ్, హంటింగ్ స్టూవర్ట్ లాంటివి ఎవరైనా వేసుకోవచ్చు. మీరు గ్లాస్గోలో ఉంటున్నారు, గ్లాస్గోకే ఒక టార్టన్ ఉంది. ఎడిన్‌బరోకూ ఉంది. ఉంటున్న ఊరి టార్టన్ వేసుకోవడం కంటే సరైన కారణం ఇంకేం కావాలి? స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్ అని 2009 నుంచి ప్రభుత్వ రిజిస్టర్ ఉంది, దాన్ని స్కాట్లాండ్ జాతీయ రికార్డుల శాఖ నడుపుతుంది. అందులో పేరు పెట్టి వెతకొచ్చు. ఒకే టార్టన్ మోడర్న్, ఏన్షెంట్, వెదర్డ్ అని వేర్వేరు రంగు ఛాయల్లో దొరుకుతుంది. గళ్ళు అవే, మోడర్న్ ముదురు, ఏన్షెంట్ లేత, వెదర్డ్ మట్టిరంగుల వైపు ఉంటుంది. చామనఛాయకు ముదురు ఛాయ, వెదర్డ్ రెండూ బాగుంటాయి, ఏన్షెంట్‌లోని లేత నారింజ రంగులు మాత్రం కొనేముందు ముఖం పక్కన పెట్టుకుని చూసుకోండి.

బయటివాళ్ళు వేసుకుంటే ఇక్కడివాళ్ళు నొచ్చుకుంటారేమోనని కొందరికి సంకోచం. బ్రిటిష్ రాజు మీద ఇక్కడ లేచిన 1745 తిరుగుబాటు అణిచాక 1746లో చేసిన చట్టం హైలాండ్ (స్కాట్లాండ్ కొండ ప్రాంతం) దుస్తులను, అంటే కిల్ట్ లాంటివాటిని నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే 6 నెలల జైలు, రెండోసారి 7 ఏళ్ళు దేశాంతరం. సైన్యంలో ఉన్నవాళ్ళకు మాత్రం మినహాయింపు. 1782లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. అంత చూసి నిలబడ్డ వస్త్రం కాబట్టే దాన్ని ఎవరైనా శ్రద్ధగా, సరిగ్గా వేసుకుంటే ఇక్కడివాళ్ళకు సంతోషంగానే ఉంటుంది. వాళ్ళకు చిరాకు తెప్పించేది అక్రిలిక్ గుడ్డతో, నడుము కిందికి జారిపోయేలా వేసుకున్న కిల్ట్.

అందుకే వేసుకునే పద్ధతి కాస్త వివరంగా చెప్తాను, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

ముందు చొక్కా, మేజోళ్ళు, బూట్లు వేసుకోండి, కిల్ట్ ఆ తరువాతే. కిల్ట్ కట్టాక వంగి లేసులు కట్టడం కష్టం, కుచ్చిళ్ళూ నలుగుతాయి. ఘిల్లీ బ్రోగ్స్ అనే బూట్లకు నాలుక ఉండదు, పొడుగు లేసులుంటాయి. వాటిని ముందు రెండు మూడు మెలికలు తిప్పి, చీలమండకు పైన చుట్టి, ముందు గానీ పక్కకు గానీ ముడేయాలి. పిక్క దాకా చుట్టకండి, నడుస్తుంటే జారిపోతాయి. మేజోళ్ళ మడత మోకాలి చిప్పకు మూడు వేళ్ళు కిందుండాలి.

కిల్ట్‌ను కుచ్చిళ్ళు వెనకకు వచ్చేలా పట్టుకోండి. కుడిచేతి వైపు ఉన్నది లోపలి పొర. దాన్ని ముందుగా ఎడమకు తెచ్చి, దాని పట్టీని ఎడమ తుంటి దగ్గరున్న చీలికలోంచి బయటికి లాగి బకిల్ పెట్టండి. తరువాత ఎడమచేతి వైపున్న పై పొరను కుడికి తెచ్చి రెండు బకిళ్ళు పెట్టండి. పోగులు వదిలిన అంచు కుడి తొడ పక్కన రావాలి. అది ఎడమకు వచ్చిందంటే తిరగేసి కట్టినట్టు.

ఎత్తు అన్నిటికంటే ముఖ్యం. ప్యాంటు నిలిచే చోట కాదు, బొడ్డు దగ్గర కట్టాలి. మనకు పంచె బొడ్డు కిందికి కట్టే అలవాటుంది. ఆ అలవాటుతో కిల్ట్‌నూ కిందికి కడితే మూడు నష్టాలు: అంచు మోకాలు దాటిపోతుంది, తుంటికని కుట్టిన వెడల్పు తొడల మీదికి వచ్చి కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి, పైనుంచి చొక్కా ఊడివస్తుంది. సరిగ్గా కడితే అంచు మోకాలి చిప్ప మధ్యకో, దాని పైకొనకో వస్తుంది. మోకాళ్ళ మీద నిటారుగా నిలబడి చూస్తే అంచు నేలకు తగిలీ తగలనట్టో, అంగుళం పైనో ఉండాలి. నడుము పట్టీ అంత పైన గట్టిగా పట్టుకోవడం వల్ల వీపు దానంతటదే నిటారుగా నిలుస్తుంది. కిల్ట్‌లో మనిషి పొడుగ్గా కనిపించడానికి సగం కారణం అదే.

బకిల్ బిగుతు మధ్యస్తంగా ఉండాలి, రెండు వేళ్ళు దూరితే చాలు. బిగించేస్తే ముందు పొర అడ్డంగా లాగినట్టు గీతలు పడుతుంది. పొట్ట ఉన్నవాళ్ళకు ముందు భాగం పైకి లేస్తుంది. అలాంటివాళ్ళు కొలతలు ఇచ్చేటప్పుడే ముందు పొడవు, వెనక పొడవు విడివిడిగా కొలిపించుకోవాలి. తుంటి కొలత తక్కువ రాసినా ఒక సమస్య వస్తుంది: కుట్టు ఆగిపోయే చోట, అంటే పిరుదుల దగ్గర, కుచ్చిళ్ళు నోరు తెరిచినట్టు విడిపోతాయి. దాన్ని ఏ ఇస్త్రీ బాగుచేయలేదు.

కిల్ట్‌కు అలంకారంగా పెట్టే పిన్ను పై పొరకు మాత్రమే గుచ్చండి. కుడి కింది మూలలో, అంచు నుంచి రెండంగుళాలు లోపల, కింద నుంచి మూడు నాలుగు అంగుళాల పైన. రెండు పొరలూ కలిపి గుచ్చితే మొదటిసారి కూర్చున్నప్పుడే గుడ్డ చిరుగుతుంది. బాగుచేయడానికి వచ్చే చిరుగుల్లో ఎక్కువ ఇవే.

స్పోరన్ బెల్టు బకిల్ కింద అరచేతి వెడల్పంత దూరంలో వేలాడాలి. డాన్స్ చేసేటప్పుడు దాన్ని తుంటి పక్కకు జరుపుకోండి. కెయిలీ నృత్యాల్లో, అంటే ఇక్కడి సామూహిక నృత్యాల్లో, గిర్రున తిప్పుతారు, ముందుంటే ఎదుటివాళ్ళకు తగులుతుంది. అలా తిప్పుతారు కాబట్టే లోపల ముదురు రంగు డ్రాయర్ వేసుకోండి, కిల్ట్ లోపల ఏమీ వేసుకోరనే జోకులు వినడానికి బాగుంటాయి గానీ పిల్లలూ పెద్దలూ ఉన్న పెళ్ళిలో మర్యాద ముఖ్యం. కూర్చునేటప్పుడు రెండు చేతులతో వెనక కుచ్చిళ్ళను కిందికి సర్దుకుంటూ కూర్చోవాలి. మేజోడులో పెట్టే చిన్న కత్తి స్కియన్ డూను జాతీయ దుస్తుల్లో భాగంగా చట్టం అనుమతిస్తుంది. అయినా విమానంలో చేతి సంచిలో పెట్టకండి, చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. అద్దె సెట్లలో వచ్చేది చాలాసార్లు పిడి మాత్రమే ఉన్న ప్లాస్టిక్ ముక్క.

కొత్త కిల్ట్ ఇంటికి వచ్చాక కుచ్చిళ్ళ మీద అడ్డంగా తెల్లదారపు కచ్చా కుట్లు కనిపిస్తాయి. అవి దారిలో కుచ్చిళ్ళు కదలకుండా వేసినవి. తీసేశాకే వేసుకోవాలి. పెళ్ళి ఫొటోల్లో ఆ దారాలతోనే నిలబడ్డవాళ్ళు ప్రతి వేసవిలో కనిపిస్తారు.

జాగ్రత్తలు చాలా సులువు. వేసుకున్న ప్రతిసారీ రాత్రంతా గాలికి వేలాడదీయండి, మరునాడు మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి దులపండి. మరక పడితే చల్లటి నీళ్ళు తడిపిన గుడ్డతో అద్దండి, రుద్దకండి. వానలో తడిస్తే హీటర్ దగ్గర పెట్టకండి, ఉన్ని బిగుస్తుంది, తోలు పట్టీలు పగులుతాయి. డ్రై క్లీనింగ్ ఎన్నేళ్ళకో ఒకసారి చాలు. ఇస్త్రీ చేసేముందు కుచ్చిళ్ళను వరసగా సర్ది మూడు చోట్ల అడ్డంగా కచ్చా కుట్టు వేయాలి, తడిపి పిండిన నూలు గుడ్డ కప్పి ఇస్త్రీ పెట్టెను జరపకుండా ఎత్తి ఎత్తి నొక్కాలి, పూర్తిగా చల్లారే దాకా కదపకూడదు. కచ్చా కుట్టు లేకుండా చేస్తే ప్రతి కుచ్చెకూ రెండో గీత పడుతుంది, అది పోగొట్టడం మహా కష్టం.

ఇక విశాఖ. అక్కడ రెండు శత్రువులు: చిమ్మట, తేమ. చిమ్మట పిల్లపురుగు తినేది ఉన్నినే, అందులోనూ చెమటా తిండి మరకలూ ఉన్న చోటును ముందు తింటుంది. అందుకే దాచేముందు శుభ్రం చేయడం తప్పనిసరి. నాఫ్తలీన్ ఉండలు గుడ్డకు తగిలేలా పెట్టకండి. పురుగు అనుమానం వస్తే ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు సంచి విప్పకండి, లేకపోతే చల్లటి గుడ్డ మీద తేమ చేరుతుంది. మామూలుగా దాచడానికి మాత్రం ప్లాస్టిక్ పనికిరాదు, వానాకాలంలో లోపల బూజు పడుతుంది. నూలు సంచిలో పెట్టి, నెలకోసారి తీసి నీడలో ఆరేయండి. మేలో విశాఖలో 16 ఔన్సుల కిల్ట్ వేసుకోలేరు, డిసెంబర్, జనవరి సాయంత్రాలకైతే ఇబ్బంది లేదు. ఎక్కువగా ఇండియాలోనే వేసుకోవాలనుకుంటే 13 ఔన్సులది తీసుకోండి, అంతకంటే పలచనిది వద్దు. ప్రయాణంలో మడవకుండా నిలువు చుట్టలా చుట్టి, పాత టైట్స్ కాలు కత్తిరించి అందులోకి దూర్చండి. సూట్‌కేసులో అరచేయంత వెడల్పు చుట్టగా పడుకుంటుంది, కుచ్చె చెదరదు.

ఖర్చు: చేత్తో కుట్టిన 8 గజాల ఉన్ని కిల్ట్ ఒక్కటే సుమారు 450 నుంచి 700 పౌండ్లు, పూర్తి సెట్ అద్దె ఒకసారికి 80 నుంచి 120 పౌండ్ల దాకా. కోటు, స్పోరన్, బూట్లు అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. డబ్బు కిల్ట్ మీద పెట్టండి, మిగతావి ఈసారికి అద్దెకు తీసుకుని తరువాత ఒక్కొక్కటే కూర్చుకోండి. పాతది కొన్నా మంచిదే, కింది అంచు చూసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చిమ్మట రంధ్రాలు వెతికి, తోలు పట్టీలు వంచి చూసి కొనండి. పట్టీలు పోయినా మార్చొచ్చు, రంధ్రం కుచ్చె లోపలుంటే రఫ్ఫు చేయించొచ్చు, ముందు పొర మధ్యలో ఉంటే వదిలేయండి.

కుట్టించుకుంటే 8 నుంచి 12 వారాలు పడుతుంది, పెళ్ళిళ్ళ కాలంలో ఇంకా ఎక్కువ. అన్ని కొలతలూ చొక్కా మీదుగా, నిలబడి, ఇంకొకరితో తీయించుకోండి, జీన్స్ సైజు చెప్పకండి. తీసుకునేటప్పుడు మిగిలిన గుడ్డ ముక్క అడిగి తెచ్చుకుని కిల్ట్‌తో పాటే దాచండి. అదే టార్టన్ మళ్ళీ నేయించినా అద్దకం ఒక్కో విడతకూ కాస్త తేడా వస్తుంది, పదేళ్ళ తరువాత అతుకు వేయాల్సి వస్తే సరిపోయేది ఆ ముక్క ఒక్కటే.